బండి పడనివ్వని మేస్త్రి

మొన్న మా మరిది తిరువూరు నుంచి స్కూటరు మీద వచ్చాడు. గేటు పక్కన నిలబెట్టి, లోపలికొచ్చి మంచినీళ్ళు తాగుతున్నాడు. నేను బయటికెళ్ళి ఆ స్కూటరును ఒక్క వేలితో తోసి చూసి, కదలడం లేదని నిశ్చయం చేసుకుని వచ్చాను.

"నీకింకా ఆ జబ్బు పోలేదా వదినా?" అని నవ్వాడు. ఆ నవ్వు అవుతుండగానే, "నీకా జబ్బు అంటించిన మేస్త్రి పోయాడు, తెలుసా? ఆర్నెల్లయింది" అన్నాడు.

నాకు తెలియదు. నాకెవరు చెబుతారు? ఆయన మాకు చుట్టమూ కాదు, పక్కమూ కాదు. కబురు పంపేంత సంబంధం మా మధ్య ఉందని ఊళ్ళో ఎవరూ అనుకోరు. కాఫీ కలుపుతానని వంటింట్లోకి వెళ్ళి, పాలు పొంగిపోయేదాకా పొయ్యి ముందు ఊరికే నిలబడ్డాను.

ఆయన పేరు నాకు ఇప్పటికీ తెలియదు. ఊరంతా మేస్త్రి అనేది. ఇళ్ళు కట్టే మేస్త్రి కాదు, రంగుల మేస్త్రి. బస్సుల నుదుట ఊళ్ళ పేర్లు రాయడం, ఎడ్లబండ్లకు రంగులు వెయ్యడం, కొట్ల మీద బోర్డులు రాయడం ఆయన పని. పొట్టి మనిషి. వేసుకునేది ఖాకీ చొక్కాయే గానీ, దాని మీద ఏళ్ళ తరబడి పడిన మరకల వల్ల అది ఖాకీ అని ఎవరైనా చెబితే తప్ప తెలిసేది కాదు. చెవి మీద బీడీ పెట్టుకునేవాళ్ళను చూశాను, పెన్సిలు పెట్టుకునేవాళ్ళను చూశాను. ఈయన కోడి ఈక పెట్టుకునేవాడు. సన్నటి గీతకు కుంచె పనికిరాదని ఈక మొనతో వేసేవాడు. మనిషి కనపడకముందే కిరసనాయిలు వాసన వచ్చేది.

ఆయనకున్న పిచ్చి ఒక్కటే. నిలబెట్టిన బండి పడిపోకూడదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాదో, ఆ మరుసటేడో నేను ఆ ఊరికి కోడలిగా వెళ్ళాను. అప్పటికి తిరువూరు మొత్తానికి మోటారు సైకిళ్ళు నాలుగు. ఒకటి డాక్టరుగారిది, ఒకటి రోడ్ల కాంట్రాక్టరుది, ఒకటి పోలీసు ఎస్సైగారిది, ఒకటి మా మామగారిది. ఈ నాలుగింటికీ మేస్త్రి తనను తానే కాపలా వేసుకున్నాడు. ఎవరూ వెయ్యమనలేదు. రోడ్డు మీద వెళుతూ ఎక్కడ బండి ఆగి ఉన్నా దగ్గరికెళ్ళి చూపుడు వేలితో తోసేవాడు. కదలకపోతే తన దారిన తాను పోయేవాడు. ఏ మాత్రం ఊగినా కొట్టుకొట్టుకూ తిరిగి బండిగల మనిషిని పట్టుకొచ్చి, సరిగ్గా నిలబెట్టించిగానీ వదిలేవాడు కాదు.

"డాక్టరుగారూ, ముందు చక్రం ఎగువకుండాలి. హ్యాండిలు ఎడం పక్కకు తిప్పాలి. గేరులో పెట్టి దిగాలి. ఇంతేనండి. అన్ని ఇంజక్షన్లు ఇచ్చే మనిషికి ఇదో లెక్కా?" అని ఆయన బజారులో పాఠం చెబుతుంటే, పెద్ద డాక్టరు చేతులు కట్టుకుని వినడం నేను అరుగు మీది కిటికీలోంచి చూశాను.

ఎస్సైగారి బండిని తోసినప్పుడు మాత్రం కానిస్టేబులు కేకలేశాడట. "ఎస్సైగారి బండి మీద చెయ్యేస్తావా?" అంటే, "చెయ్యి కాదండి, వేలు" అన్నాడట. ఈ మాట ఊళ్ళో చాలా రోజులు తిరిగింది.

మా వైపు నేల వానకు మెత్తబడి స్టాండు కాలును లోపలికి లాగేసుకుంటుంది. ఇప్పుడు నిక్షేపంగా నిలబడ్డ బండి గంట తిరిగేసరికి పడి ఉంటుంది. అందుకని మేస్త్రి అరచేయంత నాపరాళ్ళు నాలుగు తెచ్చి, అంచులు నూరి, ఒక్కోదానికి కంత పెట్టి తాడు కట్టాడు. ఒక్కో రాయి మీద ఒక్కో యజమాని పేరులోని మొదటి అక్షరం రాసి, తలా ఒకటి ఇచ్చాడు. అది హ్యాండిలుకు వేలాడుతూ ఉండాలి. దిగగానే స్టాండు కింద పెట్టాలి. ఎవరి రాయి వాళ్ళే వాడాలి, మార్చుకోకూడదు. ఎందుకు మార్చుకోకూడదో మాత్రం చెప్పేవాడు కాదు.

అన్నిటికన్నా ఆయనకు గేదెలంటే భయం. "గేదె వీపు దురదపెడితే దానికి గోడైనా ఒకటే, మోటారు సైకిలైనా ఒకటేనండి" అనేవాడు. సంత రోజు విస్సన్నపేట వైపు నుంచి పశువులు వచ్చే వేళకు తన పని ఆపుకుని బజారంతా ఒకసారి చుట్టి వచ్చేవాడు.

ఎంత కాచినా పడేవి పడుతుండేవి. గీతలు పడేవి. అప్పుడు ఆయన వైద్యం మొదలయ్యేది. కుడిచేతి బొటనవేలి గోరు ఒక్కటీ పెంచుకునేవాడు. కళ్ళు మూసుకుని ఆ గోటితో గీత మీద అడ్డంగా రాసేవాడు. గోరు జారిపోతే గీత పైపైనే ఉన్నట్టు. కిరసనాయిలు గుడ్డతో తుడిచి మైనం రుద్దితే పోతుంది. గోరు తట్టుకుంటే మాత్రం ఇనుము దాకా దిగినట్టు. దానికి ఉప్పుకాగితం పెట్టాలి, లప్పం నింపాలి, తుప్పు పట్టకుండా సిందూరం పూత వెయ్యాలి, అది ఒక రోజు ఆరాలి, ఆ పైన నల్ల రంగు. ఉప్పుకాగితం కూడా బాగా అరిగినదే వాడేవాడు. "కొత్త ఉప్పుకాగితం కొత్త కోడలు లాంటిదండి, ఎక్కడ ఎంత రుద్దాలో దానికి తెలీదు" అని మా మామగారితో అంటుండగా విని, నేను రెండ్రోజులు మేస్త్రి మీద మండిపడ్డాను. అప్పటికి నేను ఆ ఇంటికొచ్చి ఎనిమిది నెలలు.

ఆయనకొక నియమం ఉండేది. ఆ పనంతా ఎప్పుడైనా చేసేవాడు, చివరి నల్ల పూత మాత్రం బండి యజమాని ఎదుట నిలబడితేనే వేసేవాడు. కాంట్రాక్టరు డ్రైవరు ఒకసారి తెల్లవార్లూ బతిమాలినా వెయ్యలేదట. "వాళ్ళ బండికి దెబ్బ తగిలిన సంగతి వాళ్ళకు తెలియకుండా మాయం చేస్తే అది బాగుచెయ్యడం కాదు, దొంగతనం" అనేవాడు. పనులు పోగొట్టుకున్నాడు గానీ నియమం వదల్లేదు.

ఇక నా సంగతి.

మా మామగారిది బియ్యం మిల్లు. ఇంటి పక్కనే గేటు, గేటు లోపల మిల్లు. ఆయన మోటారు సైకిలు యుద్ధం అయ్యాక మిలిటరీవాళ్ళు వేలంలో అమ్మినది. నల్లటిది, ఏనుగంత ఉండేది. పంచె ఎగగట్టి, తలకు తువ్వాలు చుట్టి ఆయన దాని మీద వెళుతుంటే దారినపోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. కొడుకులను కూడా దాన్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. మిల్లులో పనిచేసే పుల్లయ్య ఒక్కడే, ఆయన ఊళ్ళో ఉన్న రోజుల్లో, పొద్దున్నే దాన్ని తుడవాలి. పుల్లయ్యకు నలుగురు పిల్లలు. బండి మీద ఈగ వాలినా జవాబుదారీ అతనిదే.

ఆ ఇంట్లో కోడలు మామగారితో మాట్లాడకూడదు. ఎదురుపడకూడదని కాదు. వడ్డించవచ్చు, మంచినీళ్ళు అందించవచ్చు. మాట మాత్రం అత్తగారి ద్వారా పోవాలి, అత్తగారి ద్వారా రావాలి. ఎనిమిది నెలల్లో ఆయనా నేనూ ఒకరితో ఒకరం ఒక్క ముక్క మాట్లాడుకోలేదు.

ఒకసారి అత్తగారూ మామగారూ చుట్టాలింట్లో పెళ్ళికని మూడు రోజులు బెజవాడ వెళ్ళారు. మా ఆయన మిల్లులో ఉన్నారు. మిట్టమధ్యాహ్నం. పక్క వసారాలో బండి ఒంటరిగా ఉంది. నాకు పద్దెనిమిదేళ్ళు. ఎక్కి కూర్చుంటే ఎలా ఉంటుందో చూడాలనిపించింది, అంతే. చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని పక్కకు కూర్చుని, రెండు చేతులతో హ్యాండిలు పట్టుకున్నాను. బాగుంది. ఆ బాగుండటంలో ముందుకు ఒక్క ఊపు ఊపాను. స్టాండు మడుచుకుపోయింది. బండి, నేను కలిసి కింద పడ్డాం. పెట్రోలు టాంకు పక్కనున్న రోటి అంచుకు రాసుకుంది.

గేటు మీద మిల్లు బోర్డు రాస్తున్న మేస్త్రికి ఆ చప్పుడు వినిపించింది. గోడ అవతలి నుంచి, "ఏం పడిందమ్మా?" అని అడిగాడు.

"బిందె" అన్నాను.

"బిందైతే దొర్లుతుందమ్మా. ఇది దొర్లలేదు" అంటూ లోపలికి వచ్చేశాడు.

ముందు నా కాలు చూశాడు. కాలు దాని కింద లేదని చూసుకున్నాక బండికి వీపు పెట్టి కిందికి కూర్చుని, ఒక చెయ్యి హ్యాండిలుకూ ఒక చెయ్యి సీటు కిందికీ పోనిచ్చి, వెనక్కి అడుగులు వేస్తూ లేచాడు. ఆ పొట్టి మనిషితో పాటు అంత బండీ లేచి నిలబడింది. కళ్ళు మూసుకుని టాంకు మీద గోటితో రాశాడు. గోరు తట్టుకుంది. మామగారు వచ్చేలోగా ఎలాగైనా మాయం చెయ్యమని బతిమాలాను.

"నాకు వచ్చు కదా అని ఒప్పుకుంటున్నానమ్మా. షావుకారుగారు వచ్చేదాకా చివరి పూత మాత్రం వెయ్యను" అని ముందే చెప్పాడు.

సగం విన్నాను. పని మొదలుపెడితే ఎలాగోలా ఒప్పించవచ్చని అనుకున్నాను. రుద్దాడు, లప్పం పెట్టాడు, సిందూరం వేశాడు. మూడో రోజుకు నల్లటి టాంకు మీద రూపాయంత ఎర్రటి చుక్క మిగిలింది. మామగారు ఆ సాయంత్రం బస్సుకు వస్తారు.

"మేస్త్రీ, నీకు పుణ్యం ఉంటుంది. ఆ ఒక్క పూతా వేసేయ్" అన్నాను. ఏడ్చాను కూడా. అప్పట్లో ఆయన్ని నువ్వు అనేదాన్ని, ఇంట్లో అందరూ అనేవాళ్ళు గనక.

"నేను వేస్తే మీరు గట్టెక్కుతారమ్మా. ఏ నాలుగు నెలలకో ఎండకి పూత పెచ్చు లేస్తే అప్పుడు పుల్లయ్య పని పోతుంది. ఎందుకు పోయిందో కూడా అతనికి తెలీదు" అన్నాడు. రంగు డబ్బా సర్దుకుని గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు.

నాకు కోపం వచ్చింది. నువ్వు వెయ్యకపోతే నల్లరంగు ఇంకెక్కడా లేదా అనుకున్నాను. మా అత్తగారు ఆముదం దీపానికి పట్టి, నెయ్యి వేసి రంగరించిన కాటుక భరిణె నిండా ఉంది. వేలితో తీసి ఆ ఎర్ర చుక్క మీద దట్టంగా పూశాను. దూరం నుంచి చూస్తే అచ్చు టాంకు రంగే. నా తెలివికి నేనే మురిసిపోయాను. కాటుక ఆరదన్న సంగతి, రోజూ కళ్ళకు పెట్టుకునే నాకు తట్టలేదు.

మర్నాడు పొద్దున, పుల్లయ్య ఇంకా తుడవడానికి రాకముందే, మామగారు విస్సన్నపేట వెళ్ళాలని తెల్లటి పంచె కట్టుకుని బండెక్కారు. గొడుగు మరిచిపోయి మళ్ళీ దిగారు.

"పంచెకేంటండీ ఆ మసి?" అన్నారు అత్తగారు.

ఆయన మోకాలి దగ్గర చూసుకున్నారు. టాంకు మీద వేలు పెట్టి తుడిచారు. ఎర్ర చుక్క బయటపడింది. "పుల్లయ్యా" అని పిలిచిన పిలుపు మిల్లు చప్పుడులో కూడా వినిపించింది. పుల్లయ్య పరుగున వచ్చి, చుక్క చూసి, "నాకేం తెలీదండి" అన్నాడు. పడేసింది చాలక మసి పూసి కప్పెడతావా అన్నారు మామగారు. రేపటి నుంచి మిల్లులోకి అడుగు పెట్టొద్దన్నారు. అత్తగారు వంగి ఆ మసి వాసన చూశారు. తన చేత్తో చేసిన కాటుక ఆవిడకు తెలియదా? తలెత్తి, గుమ్మం వెనక ఉన్న నా వైపు చూశారు.

మేస్త్రిని పిలిపించారు. "ఈ ఎర్ర పూత నీదేనా?" అని మామగారు అడిగారు.

"నాదేనండి."

"పుల్లయ్య వేయించాడా?"

"కాదండి."

"మరెవరు?"

"చెప్పాల్సినవాళ్ళు చెబుతారండి. ఈలోగా నేను రంగు కలుపుకుంటా" అని బండి పక్కన గొంతుక్కూర్చుని డబ్బా మూత తీశాడు.

మామగారికి అంత కోపం నేనెప్పుడూ చూడలేదు. "గేటు మీద బోర్డు సగంలో ఉంది. నువ్వు చెప్పకపోతే మిగతా సగం ఇంకొకడు రాస్తాడు. ఈ ఊళ్ళో ఇంకే మిల్లుకూ రాయకుండా చేస్తాను" అన్నారు. చెయ్యగలరు కూడా. మేస్త్రి తల ఎత్తలేదు. పుల్ల పెట్టి రంగు తిప్పుతూనే ఉన్నాడు. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూసి ఉంటే నాకు తేలికయ్యేది, నన్ను పట్టించాడని ఆయన మీద కోపం తెచ్చుకునేదాన్ని. పుల్లయ్య గోడకు ఆనుకుని తలపాగా విప్పి చేతిలో నలుపుతున్నాడు.

పైట భుజం చుట్టూ కప్పుకుని వసారాలోకి వెళ్ళాను.

"పుల్లయ్య కాదు మావయ్యగారూ. నేను పడేశాను" అన్నాను. ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అది.

ఆయన నన్ను చూడలేదు, స్తంభాన్ని చూశారు. అత్తగారితో, "ఎందుకెక్కిందో అడుగు" అన్నారు.

"ఎదురుగానే ఉందిగా, మీరే అడగండి" అన్నారు అత్తగారు.

ఆయన గొంతు సవరించుకున్నారు. "నడపడం వచ్చా?" అన్నారు స్తంభంతో.

"రాదండి."

"మరి?"

"కూర్చుంటే ఎలా ఉంటుందో చూద్దామని."

"బాగానే ఉంటుందండి" అని డబ్బాలోకి చూస్తూ గొణిగాడు మేస్త్రి.

నవ్వు అత్తగారికి ముందు వచ్చింది, పైట అడ్డం పెట్టుకున్నారు. మామగారికి రాలేదు, లేదా వచ్చినా మీసం కింద దాచుకున్నారు. "కానివ్వు, పూత వెయ్యి" అన్నారు మేస్త్రితో. పుల్లయ్య వైపు తిరిగి, "నిలబడి చూస్తావేంటి? లోపల బస్తాలు నువ్వు ఎత్తించకపోతే ఎవరెత్తిస్తారు?" అని కసిరారు. క్షమాపణ అనేది ఆయన నోట అంతకన్నా వినిపించేది కాదు. పుల్లయ్య తలపాగా చుట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

మేస్త్రి చెవి మీది ఈక తీసి, ఊపిరి బిగబట్టి, ఎర్ర చుక్కను అంచుల నుంచి మధ్యకు కప్పుకుంటూ వచ్చాడు. మామగారు ఒక పక్క, నేనొక పక్క నిలబడి చూశాం. ఆరాక అక్కడ దెబ్బ ఉండేదని ఎంత వెతికినా నాకు కనపడలేదు.

ఆ తర్వాత నెల రోజులకు మామగారే, "స్టాండు వెయ్యడం దానికి నేర్పు" అని మేస్త్రికి చెప్పారు. అప్పటికీ నాతో కాదు, మేస్త్రితోనే. వసారాలో అత్తగారు బియ్యం ఏరుతూ కూర్చుంటే మేస్త్రి నాకు హ్యాండిలు తిప్పడం, రాయి పెట్టడం, గేరు వెయ్యడం నేర్పాడు. కావాలని బండిని మెల్లగా పడుకోబెట్టి, వీపు పెట్టి లేపమన్నాడు. నాలుగోసారికి లేపాను. ఆ బండిని నేనెప్పుడూ నడపలేదు. కానీ తిరువూరులో దాన్ని లేపగలిగిన ఆడదాన్ని నేనొక్కదాన్నే అని కొంచెం గర్వంగా తిరిగేదాన్ని.

మూడేళ్ళకు మా ఆయన బెజవాడలో కొట్టు పెట్టారు. సామాను లారీకి ఎక్కిస్తున్న రోజు మేస్త్రి వచ్చాడు. అప్పటికి నేను ఆయన్ని మీరు అంటున్నాను. ఇంట్లో నేనొక్కదాన్నే అనేదాన్ని, మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. చాలా రోజులుగా అడగాలనుకున్న మాట అప్పుడడిగాను.

"ఆ రోజు నేను బయటికి రాకపోయుంటే ఏం చేసేవారు మేస్త్రిగారూ? నా పేరు చెప్పేసేవారా?"

"మీ పేరు నేనెందుకు చెబుతానమ్మా?"

"మరి పుల్లయ్య పని పోయేదిగా."

ఆయన లారీ టైర్ల వైపు చూశాడు. "నేనే పడేశానని చెప్పేవాణ్ణమ్మా. బోర్డు రాస్తూ రాస్తూ వచ్చి, తోసి చూస్తే పడిందని చెబుదామనుకున్నా. రంగు ఇంకో రెండు తిప్పులు తిప్పి అనేసేవాణ్ణే. ఈలోగా మీరొచ్చారు" అన్నాడు.

ఆ ఊళ్ళో నలుగురు పెద్దమనుషులు ఆయన వేలును తమ బండ్ల మీదికి రానిచ్చింది ఒక్క నమ్మకం మీదే. ఆయన చెయ్యి తగిలిన బండి పడదని. ఆ ఒక్క అబద్ధం ఆడి ఉంటే మర్నాటి నుంచి ఆయన్ని ఎవరూ బండి దరిదాపులకు రానిచ్చేవాళ్ళు కాదు. పిచ్చిమేస్త్రి అని నవ్వేవాళ్ళు. గుమ్మం వెనక నేను నా పరువు గురించి వణుకుతున్నంతసేపూ, ఈ మనిషి వసారాలో కూర్చుని తన పరువు వదులుకోవడానికి సిద్ధపడుతున్నాడు.

లారీ కదిలింది. ఆయన పక్కకు తప్పుకుని నిలబడ్డాడు. పెద్దవాడు, దణ్ణం పెట్టి రావలసింది. పెట్టలేదు. పనివాళ్ళకు దణ్ణం పెట్టే అలవాటు మా ఇళ్ళల్లో లేదు, నా చేతులు లేవలేదు. అంత బండిని లేపడం నేర్పాడు ఆయన నాకు. నా రెండు చేతులు నేను లేపలేకపోయాను.